చుక్కల్లోంచి స్థలం



దగ్గర్లో కాగితం, పెన్సిలు ఉంటే అందుకోండి. లేకపోయినా ఫర్వాలేదు, మనసులోనే గీసుకోవచ్చు. ఒక చుక్క పెట్టి, దాని నుంచి మూడు గీతలు మూడు వైపులకు లాగండి. ఒక్కో గీత మీద ఒక అంకె వేయాలి. నిబంధనలు రెండే. మూడు అంకెలూ కలిపితే సరిసంఖ్య రావాలి. మూడింటిలో ఏదీ మిగతా రెండింటి మొత్తాన్ని మించకూడదు. 3, 2, 1 వేశారనుకోండి. మొత్తం 6, సరిసంఖ్యే. 3 మిగతా రెండింటి మొత్తానికి సమానమే గాని ఎక్కువ కాదు. కాబట్టి చెల్లుతుంది. 4, 2, 1 చెల్లదు, మొత్తం 7 అవుతుంది. 5, 2, 1 కలిపితే 8 వచ్చినా చెల్లదు, 2, 1 కలిసినా 5ను అందుకోలేవు. ఇక ఆ గీతల చివర్లలో మళ్లీ చుక్కలు పెట్టి, కొత్త గీతలు లాగి, అదే పద్ధతిలో అంకెలు వేస్తూ పోండి. కాసేపటికి ఒక వల తయారవుతుంది.

ఇంగ్లండుకు చెందిన రోజర్ పెన్‌రోజ్ 1971లో అచ్చయిన తన వ్యాసంలో ఇటువంటి వలనే వివరించారు. కృష్ణబిలాల మీద చేసిన పనికి 2020లో నోబెల్ బహుమతి అందుకున్న ఆ పెన్‌రోజే. వలకు ఆయన పెట్టిన పేరు స్పిన్ నెట్‌వర్క్. గీత మీది అంకె ఆ గీత మోస్తున్న స్పిన్‌కు రెట్టింపు. ఎలక్ట్రాన్ స్పిన్ అర, కనుక దాని అంకె 1. మనం పాటించిన రెండు నిబంధనలూ క్వాంటం సిద్ధాంతంలో స్పిన్‌లను ఒకదానితో ఒకటి కలిపేటప్పుడు పాటించేవే.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆపేసే సంగతి ఒకటుంది. గీతను పొడుగ్గా గీశామా, పొట్టిగా గీశామా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. వంకరగా గీసినా ఒకటే. ఏ చుక్క ఏ చుక్కకు కలిసింది, కలిపిన గీత మీద అంకె ఎంత అన్నదే లెక్క. చుక్కల మధ్య దూరం లేదు, వాటి కింద కాగితమూ లేదు. అలాంటప్పుడు కోణం, దిక్కు అనేవి ఎక్కడి నుంచి వస్తాయి? పెన్‌రోజ్ పెద్ద వలలోంచి రెండు పెద్ద భాగాలు తీసుకున్నారు. ఒకదాని నుంచి ఒక్క ఎలక్ట్రాన్ పాటి స్పిన్‌ను విడదీసి రెండోదానికి అంటించారు. అప్పుడు రెండోదాని స్పిన్ పెరిగే అవకాశం ఎంత, తగ్గే అవకాశం ఎంత అని లెక్కగట్టారు. ఆ అవకాశాల నిష్పత్తి నుంచి ఆ రెండు భాగాల మధ్య కోణం తేలింది. వల చాలినంత పెద్దదైతే, ఇలా తేలిన కోణాలన్నీ మనం బడిలో చదువుకున్న మూడు మితుల జ్యామితికి లోబడే ఉంటాయని ఆయన రుజువు చేశారు. ఆ మూడు అన్న సంఖ్య స్పిన్ నిబంధనల్లోనే దాగి ఉందన్న మాట నిజమే. అయినా ఎక్కడా స్థలాన్ని ముందే పరచకుండా, కేవలం కూడికల నుంచి కోణాలు రాబట్టడం సామాన్యమైన పని కాదు.

అసలు స్థలాన్ని ఇలా ముక్కలుగా చూడాల్సిన అవసరం ఎందుకు వచ్చింది? దీనికి మొదటి గట్టి కారణం చూపిన మనిషి పేరు ఎక్కువమందికి తెలియదు. మత్వేయ్ బ్రాన్‌స్టైన్. లెనిన్‌గ్రాడ్ నగరంలో పనిచేసేవారు. 1936లో ఆయన ఒక వాదన చేశారు. చాలా చిన్న చోట గురుత్వాకర్షణ క్షేత్రాన్ని కచ్చితంగా కొలవాలంటే, కొలిచే వస్తువు చిన్నదిగానూ ఉండాలి, బరువుగానూ ఉండాలి. బరువు తక్కువైతే క్వాంటం అనిశ్చితి కొలతను చెడగొడుతుంది. అంత చిన్న చోట బరువు పెంచుతూ పోతే, ఆ వస్తువు తన గురుత్వంలో తానే కూరుకుపోతుంది. అంటే ఒక హద్దు దాటాక చోటు అన్న మాటకే అర్థం ఉండదు. ఆ మరుసటి ఏడు, 1937 ఆగస్టులో, స్టాలిన్ పోలీసులు ఆయన్ను పట్టుకుపోయారు. 1938 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయసు 31. ఈ శాస్త్రం కథ చెప్పిన ప్రతిసారీ బ్రాన్‌స్టైన్ పేరు చెప్పి తీరాలన్నది నా పట్టుదల.

ఆయన చూపిన హద్దును ఇప్పుడు ప్లాంక్ పొడవు అంటున్నాం. దశాంశ బిందువు పెట్టి, 34 సున్నాలు వేసి, ఆ తర్వాత 16 రాస్తే అన్ని మీటర్లు. ఒక ప్రోటాన్‌కు ఈ చివర నుంచి ఆ చివరకు ప్లాంక్ పొడవులు పేర్చుకుంటూ పోతే, 1 పక్కన 20 సున్నాలు పెట్టినన్ని పడతాయి.

బ్రాన్‌స్టైన్ వాదనకు ఎనభై ఏళ్లకు పైగా ముందే, 1854 జూన్ 10న, గోటింగెన్ విశ్వవిద్యాలయంలో రీమాన్ అనే యువ గణితవేత్త జ్యామితి పునాదుల మీద ఒక ఉపన్యాసం ఇచ్చారు. విన్నవారిలో గౌస్ ఉన్నారు. నునుపైన స్థలంలో కొలబద్ద బయటి నుంచి తెచ్చుకోవాలి, విడివిడి ముక్కల స్థలంలో అయితే లెక్కపెట్టడమే కొలత, అన్న ఆలోచన ఆ ఉపన్యాసంలోనే ఉంది. ఐన్‌స్టైన్ మొదటి దారి పట్టారు. ఈ రాత్రి మనం మాట్లాడుకుంటున్నవారంతా రెండో దారి పట్టినవారు.

పెన్‌రోజ్ వల చాలాకాలం అందమైన గణితంగా మాత్రమే ఉండిపోయింది. దాన్ని గురుత్వాకర్షణతో కలిపే తలుపు తీసినవారు మన దేశంలో, మహారాష్ట్రలోని శిర్పూర్‌లో పుట్టిన అభయ్ అష్టేకర్. 1986లో ఆయన ఐన్‌స్టైన్ సమీకరణాలను కొత్త చరరాశుల్లో తిరిగి రాశారు. దాంతో గురుత్వాకర్షణ, కణభౌతిక శాస్త్రంలోని మిగతా బలాల రూపంలోకి వచ్చింది. ఆ బలాలకు పనికొచ్చే క్వాంటం పద్ధతులు దీనికీ వర్తింపజేసే వీలు కలిగింది. కార్లో రొవెల్లీ, లీ స్మోలిన్ ఆ పని ముందుకు తీసుకెళ్లారు. వాళ్లకు 1995లో స్పష్టమైన విషయం ఇది: స్థలానికి సాధ్యమయ్యే క్వాంటం స్థితులను రాస్తే, ఎవరూ పిలవకుండానే పెన్‌రోజ్ వలలు వచ్చి నిలబడ్డాయి.

ఇక్కడ చుక్కకూ గీతకూ కొత్త అర్థాలు వచ్చాయి. చుక్క అంటే కాస్త ఘనపరిమాణం. గీత అంటే రెండు పక్క పక్క ముక్కల మధ్య ఉండే ముఖం, అంటే కాస్త వైశాల్యం. మీ ముందున్న బల్ల పైభాగం వైశాల్యం ఎంత అంటే, దాన్ని గుచ్చుకుని పోయే గీతలన్నిటి వంతులూ కూడితే వచ్చినంత. ఒక్కో గీత వంతు దాని మీది అంకె నుంచి వస్తుంది. ఆ అంకెను, దానికి 2 కలపగా వచ్చినదానితో గుణించి, వర్గమూలం తీయాలి. అంకె 1 అయితే 3కు వర్గమూలం. 2 అయితే 8కి. 3 అయితే 15కు. అంటే సుమారు 1.73, 2.83, 3.87. మధ్యలో ఇంకేమీ లేవు. హైడ్రోజన్ పరమాణువు ఏవో కొన్ని శక్తిస్థాయుల్లోనే ఉండగలిగినట్టు, ఒక్కో గీత ఇచ్చే వైశాల్యం కూడా ఏవో కొన్ని విలువలే తీసుకుంటుంది. సున్నా తర్వాత దానికి ఒక కనిష్ఠ విలువ ఉంది.

ఈ విలువలను ప్లాంక్ పొడవు వర్గంతో గుణిస్తే చదరపు మీటర్లు వస్తాయి. కాని ఆ గుణకారంలో ఇమ్మిర్జీ పరామితి అనే మరో సంఖ్య కూడా చేరుతుంది. సిద్ధాంతం దాని విలువను తనంతట తాను చెప్పదు. కృష్ణబిలం ఎంట్రోపీ, అంటే దాని సూక్ష్మ అమరికలు ఎన్ని విధాలో చెప్పే కొలత, దాని ఉపరితల వైశాల్యంలో నాలుగో వంతు, ప్లాంక్ కొలతల్లో, అని బెకెన్‌స్టైన్, హాకింగ్ 1970ల్లో తేల్చారు. ఆ ఉపరితలాన్ని గుచ్చే గీతలను ఎన్ని విధాలుగా అమర్చవచ్చో లెక్కించి, ఆ జవాబు ఈ నాలుగో వంతుతో సరిపోయేలా పరామితి విలువను ఎంచుకుంటారు. జవాబు వైశాల్యానికి అనుపాతంలో రావడం గొప్ప విజయం. నాలుగో వంతు కోసం సంఖ్యను సర్దుకోవాల్సి రావడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చని చోటు. దాని తర్వాతి మెట్టు మరింత నమ్మకం కలిగిస్తుంది. మన దేశానికే చెందిన రొమేశ్ కౌల్, పార్థసారథి మజుందార్ 2000లో వైశాల్యపు సంవర్గమానంతో వచ్చే సవరణను లెక్కగట్టారు. దాని గుణకం మైనస్ ఒకటిన్నర.

మరి ముక్కలున్న స్థలం ఐన్‌స్టైన్‌తో ఎలా పొసగుతుంది? వేగంగా పోయేవాడికి పొడవులు కుదించుకుపోతాయి కదా, కనిష్ఠ వైశాల్యం కూడా కుదించుకుపోతే అది కనిష్ఠం ఎలా అవుతుంది? చాలామంది అడిగిన ప్రశ్న ఇది. రొవెల్లీ, సిమోనె స్పెజియాలె 2003లో ఇచ్చిన జవాబు నాకు సరైనదనిపిస్తుంది. ఎలక్ట్రాన్ స్పిన్‌ను ఏ దిక్కున కొలిచినా ప్లస్ అర గాని మైనస్ అర గాని వస్తుంది. దిక్కు మారిస్తే ఆ విలువలు మారవు, ఏది ఎంత తరచుగా వస్తుందన్నదే మారుతుంది. వైశాల్యమూ అంతే. వేగంగా పోయేవాడికీ అవే విలువలు, వాటి సంభావ్యతలు మాత్రం వేరు.

ఇంతవరకూ స్థలాన్ని ముక్కలు చేయడం గురించి చెప్పాను. నా దృష్టిలో అది తేలికైన సగం. ముక్కలన్నీ కలిసి మళ్లీ మనకు తెలిసిన నునుపైన, పెద్ద, నాలుగు మితుల ప్రపంచం కావాలి. స్థలానికి మూడు, కాలానికి ఒకటి. ఏ నమూనా అయినా నిలబడేదీ పడిపోయేదీ అక్కడే. సిద్ధాంతం ముక్కలు ఎంత అందంగా ఉన్నాయని కాదు, తిరుగు ప్రయాణం ఎంతవరకు చేసిందని అడగాలి.

ఆ ప్రయాణంలో అందరికన్నా దూరం పోయినవారు యాన్ ఆంబ్యోర్న్, యెర్జి యుర్కీవిచ్, రెనాటె లోల్. వాళ్లు త్రిభుజాలకు నాలుగు మితుల్లో సమానమైన చిన్న తునకలను తీసుకుని, కంప్యూటర్‌లో లక్షల సంఖ్యలో అతికించి చూశారు. దీనికి పూర్వీకుడు 1961లో తుల్లియో రెగ్గె చూపిన పద్ధతి: వంపు తిరిగిన స్థలాన్ని చదునైన తునకలుగా కడితే, ఆ వంపంతా తునకలు కలిసే చోట్లకు చేరుతుంది. కాని ఇష్టం వచ్చినట్టు అతికిస్తే వచ్చేది ప్రపంచం కాదని అప్పటికే తెలుసు. అంతా ఒకే చోట నలిగి ముద్దయిపోయిన రూపమైనా వస్తుంది, సన్నని కొమ్మలుగా చీలిపోయిన రూపమైనా వస్తుంది. ఈ ముగ్గురూ ఒక్క షరతు చేర్చారు. ప్రతి తునకకూ ముందు ఏది, వెనక ఏది అన్న క్రమం ఉండాలి, ఆ క్రమం ఎక్కడా తెగకూడదు. 2004లో వాళ్ల కంప్యూటర్‌లో నాలుగు మితుల విశ్వం దానంతట అదే నిలబడింది.

వల లోపల ఉన్నవాడికి మితులు నాలుగని ఎలా తెలుస్తుంది? ఇది నేర్చుకోదగ్గ లెక్క. ఒక చుక్క నుంచి బయలుదేరి, ప్రతి అడుగులో పక్కనున్న ఏదో ఒక చుక్కకు యాదృచ్ఛికంగా పోవాలి. కొన్ని అడుగుల తర్వాత బయలుదేరిన చోటే ఉండే అవకాశం ఎంతో చూడాలి. వల ఒకే వరుసగా ఉంటే, అడుగులు నాలుగింతలు చేసినప్పుడు ఆ అవకాశం సగమవుతుంది. చదునుగా పరుచుకుని ఉంటే నాలుగో వంతు. నాలుగు మితులైతే పదహారో వంతు. బయటి నుంచి చూడక్కర్లేదు, అవకాశం ఎంత వేగంగా తగ్గుతోందో చూస్తే మితుల సంఖ్య తెలిసిపోతుంది. 2005లో ఆ ముగ్గురూ ఈ లెక్క చేశారు. ఎక్కువ అడుగుల నడకకు వచ్చిన జవాబు 4.02. చిన్న నడకకు మాత్రం 1.80, అంటే ఇంచుమించు రెండు. దగ్గరికి పోయేకొద్దీ స్థలకాలం పలచబడుతోందన్నమాట. ఎవరూ పెట్టని ఫలితం ఇది.

క్రమమే అంత ముఖ్యమైతే, క్రమం తప్ప ఇంకేమీ ఉంచుకోకపోతే? 1987లో లూకా బొంబెల్లి, జూహాన్ లీ, డేవిడ్ మేయర్, రఫేల్ సార్కిన్ ప్రతిపాదించినది అదే. ఒక ఇంటి వంశవృక్షం ఊహించుకోండి. పుట్టిన తేదీలు లేవు, ఊళ్ల పేర్లు లేవు. ఎవరు ఎవరి సంతానం అన్నది ఒక్కటే రాసి ఉంది. అయినా ముత్తాతకూ మునిమనవరాలికీ మధ్య ఎన్ని తరాలో లెక్కపెట్టగలం. విశ్వంలోని సంఘటనలనూ వాళ్లు అలాగే పేర్చారు. ఒక సంఘటన నుంచి బయలుదేరిన కాంతి గాని కబురు గాని ఇంకొకదాన్ని చేరగలిగితే మొదటిది పూర్వీకురాలు. రెండు సంఘటనల మధ్య అతి పొడవైన తరాల వరుసే వాటి మధ్య గడిచిన కాలం. మధ్యలో ఉన్న చుక్కల సంఖ్యే స్థలకాలపు ఘనపరిమాణం. ఎవరు ఎవరికి పూర్వీకులో పూర్తిగా తెలిస్తే, పెద్దా చిన్నా అన్న పరిమాణం తప్ప జ్యామితి అంతా తెలిసిపోతుందని 1977లో డేవిడ్ మలమెంట్ రుజువు చేశారు. ఆ పరిమాణం లెక్కపెట్టడంతో వచ్చేస్తుంది. రీమాన్ అన్నది ఇదే కదా.

ఇక్కడ చుక్కలను గ్రాఫు కాగితంలా వరసగా పేర్చకూడదు. అలా పేర్చితే, వేగంగా పోయేవాడికి ఆ గళ్లు ఒకవైపు సాగి, మరోవైపు నొక్కుకుపోయి కనిపిస్తాయి. అప్పుడు ఎవడు నిశ్చలంగా ఉన్నాడో విశ్వమే చెప్పినట్టవుతుంది, సాపేక్షత కూలిపోతుంది. అందుకని చుక్కలను యాదృచ్ఛికంగా చల్లుతారు. అలా చల్లినవి ఎంత వేగంగా పోయేవాడికైనా ఒకేలా కనిపిస్తాయి. దీనికి చెల్లించే మూల్యమూ ఉంది. ప్రతి చుక్కకూ లెక్కలేనన్ని దగ్గరి బంధువులుంటారు. వాళ్లలో చాలామంది కాంతి దారుల వెంబడి ఎంతో దూరాన ఉంటారు.

ముక్కల స్థలం ఆలోచనకు ఆకాశం నుంచే ఒక పరీక్ష వచ్చింది. 2009 మే 10న సుమారు 730 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన గామా కిరణాల మెరుపును ఫెర్మి ఉపగ్రహం పట్టుకుంది. అందులో 31 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ ఒకటి ఉంది. స్థలం గరుకుగా ఉంటే ఎక్కువ శక్తి గల కాంతి వెనకబడవచ్చన్న ఊహ ఒకటి అప్పటికి బలంగా ఉండేది. ఆ ఫోటాన్ మెరుపు మొదలైన సెకను లోపలే చేరింది. శక్తికి అనుపాతంలో వేగం తగ్గుతుందన్న ఊహకు ఆ ఒక్క మెరుపు గట్టి దెబ్బ కొట్టింది. ముక్కల స్థలం మాత్రం తప్పని తేలలేదు. చల్లిన చుక్కలు సాపేక్షతను ఎందుకు కాపాడుకోవాలో అది మరింత స్పష్టం చేసింది.

సార్కిన్ ఈ చుక్కల నుంచే ఇంకో మాట చెప్పారు. చల్లిన చుక్కల సంఖ్యలో ఎప్పుడూ దాని వర్గమూలం పాటి హెచ్చుతగ్గులుంటాయి. విశ్వచరిత్రలోని మొత్తం చుక్కలను అంచనా వేస్తే 1 పక్కన 240 సున్నాలు. దాని వర్గమూలం 1 పక్కన 120 సున్నాలు. దాన్ని బట్టి, విశ్వవ్యాప్తి వేగం పుంజుకునేలా చేయగల విశ్వస్థిరాంకం సున్నా కాదని, ప్లాంక్ కొలతల్లో 1ని అంత పెద్ద సంఖ్యతో భాగించినంత చిన్నగా ఉండాలని ఆయన ఊహించారు. 1998లో సూపర్నోవాలను గమనించిన ఖగోళవేత్తలు విశ్వవ్యాప్తి వేగం పుంజుకుంటోందని ప్రకటించారు. అందుకు తగ్గ స్థిరాంకం ఆ పరిమాణంలోదే. సార్కిన్ వాదన పూర్తి సిద్ధాంతం కాదు, స్థూలమైన అంచనా. అయినా గమనికకు ముందే చెప్పిన మాట కనుక దానికి నేను విలువ ఇస్తాను.

అసలు చిక్కు గణితం వైపు నుంచి వచ్చింది. 1975లో డేనియల్ క్లైట్‌మన్, బ్రూస్ రాత్‌చైల్డ్ ఒక సిద్ధాంతం రుజువు చేశారు. చాలా చుక్కలతో సాధ్యమైన క్రమాలన్నిటినీ చూస్తే, వాటిలో దాదాపు అన్నీ ఒకే తీరున ఉంటాయి. కింద పావు వంతు, మధ్య సగం, పైన పావు వంతు. తాత, తండ్రి, కొడుకు. అంతే, మూడు తరాలు. నాలుగో తరం లేదు. మన విశ్వం 1,380 కోట్ల ఏళ్లుగా సాగుతోంది. గుడ్డిగా ఒక క్రమాన్ని ఎంచుకుంటే అటువంటిది దొరికే ఆశే లేదు. మూడు తరాల గుంపు సంఖ్యాబలంతో మిగతావాటిని ముంచేస్తుంది. తిరుగు ప్రయాణం ఎంత కష్టమో చూపడానికి నాకు తెలిసిన అతి నిక్కచ్చి లెక్క ఇదే.

దీనికి మందు క్వాంటం సిద్ధాంతంలోనే ఉంది. సాధ్యమైన క్రమాలన్నిటినీ కూడేటప్పుడు ఒక్కో క్రమం ఒక్కో తరంగంలా వచ్చి చేరుతుంది. తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోగలవు. 2018లో శామ్యూల్ లూమిస్, స్టీవెన్ కార్లిప్ రెండు పొరల క్రమాలు ఇలా రద్దయిపోతాయని చూపించారు. 2023లో పీటర్ కార్లిప్, స్టీవెన్ కార్లిప్, బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థకు చెందిన సుమతీ సూర్య ఆ ఫలితాన్ని మూడు పొరల గుంపుకు విస్తరించి, మరిన్ని పొరల క్రమాలూ అలాగే రద్దవుతాయనడానికి ఆధారాలు చూపారు. అంతకు ముందే, 2012లో, సూర్య రెండు మితుల క్రమాలకే పరిమితమై కంప్యూటర్‌లో లెక్క నడిపినప్పుడు, ఒక దశలో నునుపైన స్థలకాలాన్ని పోలిన క్రమాలు, మరో దశలో పొరలు పొరలుగా గడ్డకట్టిన క్రమాలు కనిపించాయి. నీరు మంచుగా మారినట్టే ఆ రెండింటి మధ్య స్పష్టమైన దశా మార్పు ఉంది. నాలుగు మితులకు అదే స్థాయి ఫలితం రాబట్టడం ఇప్పుడు వాళ్ల ముందున్న పని.